ముందు కొట్టింది ఎవరు?

వళ్లక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. అరవదేశం నుంచి తడ ఊరికి కోడలిగా వచ్చిన నువ్వు, కోట ఊరినుంచి ఇక్కడి ఉప్పు పండే కయ్యల్లో కూలికొచ్చిన మాకోసం తాగేనీళ్లు అడిగినావు. మేస్త్రీ కర్రతో నీ తల పగలగొట్టినాడు. నీ నెత్తురు పడిన ఉప్పును కూడా మాచేతనే గంపలకెత్తించినాడు.

ఈ పొద్దున మళ్లీ నీళ్లడిగినాం. మేస్త్రీ ఇయ్యనంటే పారలు కిందపెట్టి అందరం గట్టుమీద కూర్చున్నాం. వాడు మన మంగను, కడుపుతో ఉన్నదాన్ని, జుట్టు పట్టి ఈడ్చినాడు. మీ అత్త లేచి పారతో వాడి మోకాలిమీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. వాడు కిందపడి కూడా కర్ర ఝళిపిస్తుంటే ఆ చెయ్యి నేను తొక్కిపట్టినాను. తక్కిన ఆడోళ్లు మీదపడినారు. ఆపమని ఎవరూ అనలేదు.

మధ్యాహ్నం పోలీసులొచ్చి "ముందు కొట్టింది ఎవరు?" అని అడిగినారు.

నువ్వు కాలుజారి పడి చచ్చిపోయినావని పోయినేడు వాళ్లకు చెప్పిన మీ అత్తే ముందుకొచ్చింది.

"వాడే సార్. పోయినేడు మా కోడల్ని కొట్టి చంపినాడు. ఆ పొద్దు భయపడి అబద్ధం చెప్పినాను. ఇప్పుడు నిజం రాసుకోండి" అనింది.

ఆమెను జీపెక్కించినారు. మేమంతా వెనకే నడిచొచ్చి స్టేషను ముందర కూర్చున్నాం. ఆమెను వదిలేదాకా ఎవరమూ పార పట్టేది లేదు.

నీ రమణమ్మ