పంపుహౌస్ వెనక గోడ

జనవరి 9

నా వార్త వచ్చిన చోటే ఈరోజు నీటి సరఫరా ఇంజినీరుగారి ఖండన వేశారు. పంపుహౌస్ వెనక రాతిగోడలో పాములు లేవట. ఉన్నాయని రాసినవాళ్లు చూపించాలట. ఇన్నేళ్ల ఉద్యోగంలో చాలామంది తరఫున ఖండనలు చూశాను. గోడ తరఫున రావడం ఇదే మొదలు.

ఆ గోడ పగుళ్లన్నీ పందొమ్మిదో తేదీ సోమవారం సిమెంటుతో మూసేస్తారు. చలికాలం కాబట్టి పాములు లోపలే ఉంటాయి. మూశాక బయటికి రాలేవు. అదే నేను రాసింది. ఇంజినీరుగారికి ఫోన్ చేశాను. ఒక్క ఫొటో పట్టుకురండి మేడమ్, పని ఆపేస్తా, లేదంటే మా పని మమ్మల్ని చేసుకోనివ్వండి అన్నారు. మర్యాదగానే అన్నారు.

జనవరి 10

మా ఆఫీసు ఫొటోగ్రాఫర్‌ను అందరం ఫ్లాష్ అంటాం. లాఠీచార్జీల్లో ముందువరసలో నిలబడే మనిషి. పాము అనగానే నడుం పట్టేసింది. కెమెరా, పెద్ద లెన్సు నా మెడలో వేసి, అక్కా, నువ్వెలా వచ్చినా ఫర్వాలేదు, లెన్సు మాత్రం క్షేమంగా రావాలి అన్నాడు.

ఆడపడుచు కూడా ఊరుకోలేదు. మా అన్నయ్యకు ఇన్నేళ్లలో ఒక్క మంచి ఫొటో తీసిన పాపాన పోలేదు, పాముకు పోర్ట్రెయిటా వదినా అంది. ఆ అన్నయ్యగారు పేపరు వెనకనుంచి తల బయట పెట్టలేదు.

జనవరి 11

పాము దొరకలేదు. చోటు దొరికింది.

గోడ తూర్పుముఖంగా ఉంది. పంపుహౌస్ నీడ జరగ్గానే మొదటి ఎండ వాల్వ్ చక్రం పక్కనున్న వెడల్పాటి రాయి మీద పడుతుంది. రాయి కింద పగులు. పగులు అంచున కుబుసం ముక్క చిక్కుకుని ఉంది. పగులు చుట్టూ తెల్ల పెయింటుతో సున్నా చుట్టారు. సిమెంటు పూయాల్సిన చోటని గుర్తు.

ఇక వెతుకులాట అక్కర్లేదు. మంత్రిగారు కావాలంటే ఊరంతా తిరుగుతామా? గెస్ట్‌హౌస్ గేటు దగ్గర నిలబడతాం. ఏ గేటో తెలిస్తే చాలు.

జనవరి 12

మబ్బు. రాలేదు.

జనవరి 13

వచ్చింది. జెర్రిపోతు.

ముందు మూతి. చాలాసేపు మూతి మాత్రమే. తర్వాత మూరెడు. ఆ తర్వాత ఒళ్లు పలచగా చేసుకుని రాతికి అతుక్కుంది. నేను ఒక అడుగు ముందుకేశాను. పెద్దమనిషి బయటికి రాగానే మైకు పెట్టే అలవాటు. కాళ్లు నన్నడగవు. నా నీడ రాయి మీద పడింది. రాయి ఖాళీ.

ఇంట్లో చెబితే, నువ్వు ప్రశ్నలు అడుగుతావని భయపడి ఉంటుంది అన్నాడు మా ఆయన. ఆయనకు అనుభవం ఉంది.

జనవరి 15

ఈసారి గోడకు ఎదురుగా కాకుండా ఓ పక్కగా, నీడ పడని చోట కూర్చున్నాను. మోకాళ్లు మొద్దుబారాయి. చీమలు వాటి పని అవి చేసుకున్నాయి. నేను కదల్లేదు.

మూతి వచ్చింది. నొక్కలేదు. మూరెడు వచ్చింది. నొక్కలేదు. మొత్తం బయటికొచ్చి, చుట్ట చుట్టుకుని, తల చుట్ట మీద ఆనించి వాల్వ్ వైపు చూస్తూ స్థిరపడింది. అప్పుడు నొక్కాను. వేలు నొప్పెట్టేదాకా నొక్కాను.

ఆఫీసులో స్క్రీన్ మీద పెద్దది చేస్తే, పగులు లోపలి చీకట్లో ఇంకో కన్ను. రెండో పాము! ఫ్లాష్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. స్క్రీనుకు భయపడే మనిషిని ఇప్పుడే చూశాను. పిల్లిమొగ్గ వేయాలనిపించింది. మోకాళ్లు ఒప్పుకోలేదు.

జనవరి 17, ఉదయం

మూడో పేజీ. బ్లాక్ అండ్ వైట్‌లో అయినా నాలుగు కాలమ్‌లు. ఆడపడుచు కత్తిరించి ఫ్రిజ్ తలుపుకు అంటించింది. పాలకోసం వెళ్లిన ప్రతివాళ్లూ ఉలిక్కిపడుతున్నారు.

మధ్యాహ్నం

ఎడిటర్ ఫోన్. అది మా గోడ కాదంటున్నారట ఇంజినీరుగారు. వాళ్ల వాల్వ్ పగులుకు ఎడమవైపు, ఫొటోలో కుడివైపు. ఎక్కడో తీసి ఇక్కడిదని వేశామట. సాయంత్రంలోగా తేల్చు, లేకపోతే రేపు సవరణ వేయక తప్పదు అన్నారు ఎడిటర్. నా వార్తకు ఇంతవరకు సవరణ పడలేదు. ఫ్లాష్‌నడిగితే కెమెరా కార్డు చెరిపేసి ఆటల పోటీలకు తీసుకెళ్లానన్నాడు.

పేపరు పట్టుకుని గోడ ముందు నిలబడ్డాను. రాయి అదే. సున్నా అదే. వాల్వ్ మాత్రం అటు. అప్పుడు వెలిగింది.

పేజీ డిజైనర్‌కు ఫోన్ చేశాను. పాము పేజీ బయటికి చూస్తోంది మేడమ్, చదివేవాళ్ల చూపు కూడా బయటికి పోతుందని అటుదిటు తిప్పేశా అన్నాడు. అసలు ఫైలు ఏదంటే, దాని మీదే సేవ్ చేశాడట. మనుషుల ముఖాలు తిప్పకూడదని తెలుసు గానీ పాములకు కూడా ఆ రూల్ ఉందని తెలీదన్నాడు. తిట్టడానికి టైము లేదు.

సాయంత్రం

ఇంజినీరుగారి గది. సిమెంటు బస్తాలు అప్పుడే వరండాలో దించుతున్నారు. పేపర్లో బొమ్మ తిరగబడిందని చెప్పాను. కంప్యూటర్ ఉంటే మీరు ఏనుగునైనా గోడలో దూరుస్తారు మేడమ్ అన్నారు.

వాష్‌బేసిన్ పైన అద్దం కనిపించింది. కంప్యూటర్ వద్దులెండి, ఆ అద్దంలో చూడండి అని పేపరు ఆయన చేతికే ఇచ్చాను.

లేచారు. పేపరు అద్దానికి ఎదురుగా పట్టుకున్నారు. వాల్వ్ ఎడమవైపుకు వచ్చేసింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. సున్నా కింద కారిన పెయింటు చార మీద వేలు పెట్టి, ఇది మా మేస్త్రీ పనే, ఎన్నిసార్లు మొత్తుకున్నా పెయింటు కారుస్తాడు వెధవ అన్నారు. కాసేపటికి గొంతు తగ్గించి, లోపల ఇంకోటి ఉన్నట్టుందే అన్నారు. ఉందండి అన్నాను.

నా ముందే మేస్త్రీకి ఫోన్ చేశారు. బస్తాలు మళ్లీ ఎక్కించు, ఆ గోడను వేలితో కూడా ముట్టుకోవద్దు అన్నారు. ఎందుకని అడిగాడు కాబోలు, నీ సున్నాలో పాములున్నాయిరా అన్నారు.

బయటికి వచ్చి ఎడిటర్‌కు చెప్పాను. సవరణ పడుతుంది. నా వార్తకు కాదు, ఆయన ఖండనకు.

జనవరి 18

సవరణ ఒక్క వాక్యం. పక్కనే ఫొటో, సరైన వైపుకు తిప్పి. పాము పేజీ బయటికి చూస్తోంది. చూడనీ.

జనవరి 19, ఎండ వేళ

నాకంటే ముందే ఇంజినీరుగారు వచ్చి ఉన్నారు. బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, ఒక పక్కగా, నీడ పడని చోట. నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టుకున్నారు.

మూడోది వస్తోంది.