నాగమ్మ ఎగరేసిన కారు

జులై 7, సోమవారం
నాగమ్మ ఈరోజూ పిసకమని ఇచ్చిన రబ్బరు బంతి విసిరేసింది. కుడిచేయి పడిపోయి మూడు నెలలు. బొటనవేలు కదిలితే తన చేత్తో తాను తినవచ్చని ఫిజియోథెరపీ అమ్మాయి అంటుంది. నాగమ్మ స్పూను వద్దంటుంది. ఎడమచేత్తో తినదు. తలుపు దగ్గరగా వేసి నేనే తినిపిస్తున్నాను. కోడలు చూస్తే సిగ్గట.

జులై 8
మనవరాలు సహన తన ఫోను ఇచ్చింది. కారు పందెం ఆట. కుడి బొటనవేలితో నొక్కి పట్టుకుంటే కారు పోతుంది. ఎడమ పక్క తిప్పడం ఇంకొకరు చూసుకోవచ్చు.
"బంతి బదులు ఇది నొక్కవ్వా."
రెండుసార్లు నొక్కింది. కారు గోడకు గుద్దింది.
"నాకెందుకే ఈ బండ్లు? మీ తాతకియ్యి."

జులై 10
ఆటకు ఏదో అప్‌డేట్ వచ్చిందట. సహన కాలేజీ నుంచి వస్తూనే గగ్గోలు. "తాతా, అంతా చెడగొట్టినారు. బండ్లకు బరువే లేదు!"
చూపించింది. వంతెన మీద చిన్న గతుకు. తాకగానే కారు... పైకి. మేడలు దాటి, గిరగిరా తిరుగుతూ.
బళేపేట నుంచి ఇనుప సామాను లారీ నలభై ఏళ్ళు తోలినవాణ్ణి. చూడలేకపోయాను. బండి అన్నాక కింద నేల ఉండాలి.
నాగమ్మ నవ్వింది. ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి. నోరు ఒక పక్కకే పోతుంది. అయినా నవ్వే.
"ఏమయ్యా, నీ లారీ ఎప్పుడన్నా ఇట్లెగిరిందా?"
"ఎగిరింటే నీ దగ్గరుంటానా."
ఫోను తనే అడిగింది. ఇంకోసారి అంది.

జులై 11
పదకొండుసార్లు ఎగిరాం. తిప్పడం నాది. నొక్కడం ఆమెది.
"ఈ బండుంటే బొమ్మనహళ్ళి సిగ్నల్ కాడ నిలబడే పనే లేదు" అంది.

జులై 13, ఆదివారం
ఆడేవాళ్ళందరికీ కోపం. ఆట పేజీలో వాళ్ళు రాసినవి సహన చదివి వినిపించింది. ఒకాయన కారు రోడ్డులో అద్దాల దాకా కూరుకుపోయిందట. ఇంకొకాయన — "అన్నం తిని వచ్చినా, నా కారు ఇంకా దిగలా." వెంటనే బాగు చేయాలని అందరూ.
బాగు చేస్తే...?
అడగలేక అడిగాను. మనం కూడా రాయవచ్చా అని.
"రాయి తాతా. తెలుగులోనే రాయి."

జులై 14
పొద్దంతా పట్టింది. ఒక్కొక్క అక్షరం వెతికి.
"అయ్యా, నా భార్యకు కుడిచేయి పడిపోయింది. కారు ఎగిరితే నవ్వుతుంది. బొటనవేలు నొక్కుతుంది. కొన్నాళ్ళు బాగు చేయకండి. దయచేసి."
పంపాక చెమటలు. చెరిపెయ్యమన్నాను. సహన ఫోను వీపు వెనక దాచుకుంది.

జులై 15
తిడతారనుకున్నాను. దారులు చెబుతున్నారు!
"వంతెన కాదు తాతా, బస్టాండు మలుపులో గతుకుండాది. అక్కడైతే చందమామ దాకా పోతాది."
"గతుకు దాటే దాకా వేలు తియ్యొద్దని అవ్వకు చెప్పండి."
ఆ కూరుకుపోయినాయన — "ముందు నన్ను రోడ్డులోంచి తీయండప్పా."
నాగమ్మకు మూడుసార్లు చదివాను. బస్టాండు మలుపు మాట నిజమే.

జులై 17
ఇరవై లెక్కపెట్టేదాకా నాగమ్మ వేలు తీయలేదు.
మధ్యాహ్నం కుడిచేత్తో సంగటి చిదమబోయింది. పట్టు దొరకలేదు, జారింది. నేను గోడ వైపు చూశాను.

జులై 18
బాగు చేసే అప్‌డేట్ వచ్చేసింది. ఇప్పుడా, తర్వాతా అని తెర అడుగుతుంది. 'తర్వాత' నొక్కేశాను. పాతదాంతోనే మా ఆట సాగింది.
సహన చూసింది, ఫోను మాత్రం వెనక్కి అడగలేదు.

జులై 19, శనివారం
వంటింట్లోంచి కోడలు — "రేపు సహనకు ఆ ఆటలో జట్టు పోటీ ఉండాది మామా. కొత్తది వేసుకోకుంటే ఆడనియ్యరంట. ఇది చూస్తే నేను ఆడనంటా ఉండాది."
నాగమ్మ వింది. సహనను పిలిచింది.
"ఎందుకే ఆడవు?"
"సుమ్మనే అవ్వా, ఊరికే."
"సుమ్మనేనా? రెండు నెలలుగా అదే పాట పాడితివి కదే."
సహన తల వంచుకుంది. "కొత్తది వేస్తే మళ్ళా పాతది రాదవ్వా. నీ కారు ఎగరదు."
నేను అన్నం కలిపాను. నాగమ్మ సగమే తింది.

జులై 20, ఆదివారం. పొద్దున.
కాఫీ తాగాక నాగమ్మ ఫోను అడిగింది. నేను ఎడమ పక్క పట్టుకున్నాను, బస్టాండు మలుపు అనుకుని. తెర మళ్ళీ అడిగింది. 'తర్వాత' మీదికి పోయిన నా వేలిని నాగమ్మ ఎడమచేత్తో తోసేసింది.
"తియ్యి. పాపం, బిడ్డ ఆడుకోనీ."
నేను నొక్కుతానన్నాను. వద్దంది.
కుడి బొటనవేలు లేపింది. వణికింది. పక్కన పడింది. ఊపిరి పీల్చుకుని మళ్ళీ లేపి 'ఇప్పుడు' మీద ఆనించింది...
తెర మీద గీత మెల్లగా నిండుతోంది. సహన ఇంకా లేవలేదు. ఇక నొక్కి పట్టాల్సిన పని లేదని నాగమ్మకు తెలియదు. వేలు అలాగే పెట్టి ఉంచింది. నేను చెప్పలేదు.