వంటవాడికీ బ్యూగిల్ ఊదుతారట

చెల్లీ,

నాన్న మిలిటరీ డిశ్చార్జి పుస్తకం పట్టుకుని మాజీ సైనికుల ఆఫీసుకు వెళ్తున్నాను. పదింటిలోపు చూపిస్తేనే సాయంత్రం సమాధి దగ్గరికి జెండా, బ్యూగిల్ ఊదే మనిషి వస్తారట. నేను వచ్చేదాకా పెట్టె మూత వేయనివ్వకు. నాన్న కోటు ఇస్త్రీ చేసి, పతకం ఎడమవైపు పెట్టు. అమ్మ చేత రెండు ముద్దలు తినిపించు.

"నాకివేవీ వద్దు, వంటవాళ్లకి ఇవ్వరు" అని నాన్న నీతో అన్నాడని నిన్న చెప్పావుగా. ఇందాక ఫోన్లో ఆ ఆఫీసు గుమాస్తాను అడిగాను. "గరిట పట్టినా తుపాకి పట్టినా సిపాయి సిపాయేనండీ" అన్నాడు.

ఆ 'ఇవ్వరు' ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. నీ పెళ్లి భోజనాల దగ్గర, మైకు అక్కర్లేని ఈ గొంతుతో నేనే అరిచాను: "మా నాన్న పేల్చింది తూటాలు కాదు, ఆవాలు! ఈయన పోతే బ్యూగిల్ ఎవడూదుతాడు, కుక్కరే ఈల వేయాలి!" పందిరంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. పన్నెండేళ్లుగా ఆ మాట నిజమనే అనుకున్నాడని నిన్నటిదాకా నాకు తెలియదు.

అన్నయ్య

మరిచాను. నాన్న అలా అనుకున్నది నా మాట వల్లేనని అమ్మకు నేనే చెబుతాను. చెప్పేటప్పుడు నువ్వు నా పక్కన ఉండు.