రంగుల ఫ్యాక్టరీ వెనక నేల

అక్కా,

ఫోన్‌లో చెబితే మధ్యలోనే అరుస్తావని ఉత్తరం రాస్తున్నాను. ఆ విషపు నేలలో ఉద్యోగం మానేయమని నీ కూతురికి నచ్చజెప్పి రమ్మన్నావు. నావల్ల కాలేదు.

మూతపడ్డ రంగుల ఫ్యాక్టరీ వెనక, రసాయనాలు ఇంకిపోయి గడ్డిపరక కూడా మొలవని నేల అది. ఆ విషాన్ని తినేసే బ్యాక్టీరియాను నీ కూతురు నిరుడు నేలంతా చల్లింది. ఏ మార్పూ లేదు. సిమెంటు పోసి కప్పేద్దామన్నారట పైవాళ్లు. పిల్ల ససేమిరా అంది.

"అవి మాట్లాడుకుంటాయి పిన్నీ! నోటితో కాదులే, ఏదో రసాయనం వదుల్తాయి. చుట్టూ తమవాళ్లు సరిపడా ఉన్నారని తెలిస్తేనే పనిలోకి దిగుతాయి. నేనేమో పల్చగా చల్లేశాను" అంది.

ఈసారి ఒక్క మడిలోనే దట్టంగా వేసింది. నేను వెళ్లిన రోజే పరీక్ష ఫలితం వచ్చింది. విషం సగానికి పైగా తగ్గింది! మడి తవ్వితే వానపాము కనిపించింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని ఎగిరి గంతేసింది నీ కూతురు. అంత తెలివి, అంత మొండితనం ఎక్కడివో అనుకున్నాను. నీవేగా!

అంతలోనే గొంతు తగ్గించి, "అమ్మకి నువ్వే చెప్పవా పిన్నీ? నేను ఫోన్ చేస్తే ఎత్తట్లేదు" అంది.

చెప్పేశాను. ఇక నువ్వే ఫోన్ చెయ్యి.

నీ చెల్లెలు