రేసు వైరు మీద నల్లదారం

మంగళవారం, రాత్రి

కోడలికి జ్వరం తగ్గింది. మనవరాలికి దగ్గు ఇంకా ఉంది. నా మోకాళ్లు ఎప్పటిలాగే. కొడుకు యాదగిరి బాగానే ఉన్నాడు, వాడి బండికే బాగాలేదు. హ్యాండిల్ ఎడమకు తిప్పితే చాలు, రేసు పిడి ఎవరూ తిప్పకుండానే ఇంజను అరుస్తోంది.

సాయంత్రం మెకానిక్ వచ్చి, వంగి చూశాడు. "దిష్టిదారం రేసు వైరును గుంజుతున్నదమ్మా. ఎవలు కట్టిన్రు?"

"నేనే బిడ్డా, మొన్న అమాసకు."

"మంచిగ కాపాడుతున్నవ్ కొడుకును," అని నవ్వి దారం కోసేశాడు. అరుపు ఆగింది.

కానీ నేను వేసింది ఒక్క ముడి. కోసిన దారానికి మూడు ఉన్నాయి. కొడుకు, కోడలు ఇద్దరూ తాము ముట్టనే లేదన్నారు.

గేరు కూడా గట్టిగా పడుతోంది, క్లచ్ విప్పి చూడాలట. రేపు యాదగిరి దారం కూడా లేని ఆ బండి మీదే కోకాపేట డ్యూటీకి పోవాలి. మెకానిక్ మళ్లీ వచ్చేది గురువారం.