ఉప్పు డబ్బా కొండ మీద ఉంది

ఆర్గిరో,

నిన్న మన ద్రాక్షతోట దాకా ఒక్కచోట కూడా ఆగకుండా ఎక్కేశాను, తెలుసా! కొండ మీద కోసిన ఆకుకూర ఉడికించి పెట్టాను. నిమ్మకాయ పిండుకుని, ఆలివ్ నూనె వేసుకుని తిను. “ఉప్పులేని కూర మేకలకి పెట్టు ముసలోడా” అంటావని తెలిసే ఉప్పు డబ్బా నాతో తీసుకెళ్తున్నా. ఉప్పు కావాలంటే కాసేపు కునుకు తీసి, గిన్నె పట్టుకుని మెల్లగా పైకి రా. నీకు గుండెపోటు వచ్చిన దగ్గర్నుంచి నువ్వు గడప దాటలేదు, నాకు భయంగా ఉంది. పైన మబ్బు గొర్రెలా తోటలో పడుకుంటుంది. సముద్రం కనపడదు, గాల్లో తేలుతున్నట్టుంటుంది.

నిజానికి నేను నాలుగుచోట్ల ఆగాను. ఆగిన ప్రతిచోటా నువ్వు కూర్చోడానికి రాయి వేసి ఉంచాను.

నీ స్త్రాటిస్

అన్నట్టు, డాక్టరు “ఇద్దరూ కలిసి నడవండి” అన్నాడని చెప్పాను కదా. ఆయన నిన్ను నడవమన్నాడంతే. ఇద్దరూ కలిసి అన్నది నేను కల్పించింది.