ఇంజినీరు గారికి మంచినీళ్లు

సోమవారం. నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది.

మామ్మా,

పొద్దున్నే మన వీధి కుళాయి దగ్గరికి మంచినీళ్ల శాఖ ఇంజినీరు గారు వచ్చారు, అదీ నడిచి! నెలగా మురుగు వాసన నీళ్లే వస్తున్నాయి. చిన్నత్త కూతురికి విరేచనాలు తగ్గడం లేదు. ఫిర్యాదు చేసిన ప్రతిసారీ ‘సమస్య పరిష్కారమైంది’ అని ఫోనుకి మెసేజ్ వచ్చేది.

నువ్వైతే వచ్చిన ఆఫీసరుకి కుర్చీ వేసి, ఆ కుళాయి నీళ్లే గ్లాసుతో ఇచ్చేదానివి. ఇవాళ నేనిచ్చాను, నీ స్టీలు గ్లాసుతోనే. ఆయన దాన్ని వాసన చూసి, లోపలికి తొంగిచూశారు.

హార్బరు నుంచి వచ్చిన చిన్నత్త చేపల తట్టయినా దించకుండా, "ఏటి బాబూ, అలా సూత్తన్నారు? తాగండి, మా పిల్లలు తాగేవే!" అంది.

"వద్దమ్మా."

"మీకూ వద్దా? మాకూ వద్దు బాబూ!"

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. అక్కడి నుంచే ఫోన్ చేసి మనుషుల్ని పిలిపించారు. సాయంత్రానికి మురుగుకాలవ పక్కన పగిలిన పైపు దొరికింది, మార్చారు.

‘జవాబుదారీతనం’ అనే మాట ఈమధ్యే కాలేజీలో నేర్చుకున్నాను, భలే నచ్చింది. నీకు చెబితే, "అంత పొడుగు మాటేటే?" అనేదానివి.

రేపు పొద్దున్న నీళ్లు వదిలే వేళకి ఆయన్ని మళ్లీ రమ్మన్నాను, వస్తానన్నారు. నీ గ్లాసు తళతళా తోమి పెట్టాను. ఆయన తాగాకే మన బిందె పెడతాను.